ముప్పై ఒకటో సమ్మతి

"నా పేరు డోరా. లాంతర్ల గల్లీ, ఇంటి నంబరు పద్దెనిమిది. ఈ ప్రాజెక్టుకు నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. సంతోషంగా ఒప్పుకుంటున్నాను."

ఫోన్‌లో ముసలి గొంతు అంతటితో ఆగింది. వెనక చప్పట్లు వినబడ్డాయి. కల్పలత వేలితో వెనక్కి జరిపి మళ్లీ వింది. గొంతు కాస్త జీరగా ఉంది. తొందర లేదు, తడబాటు లేదు. పేరు చెప్పే ముందు మాత్రం ఏదో చిన్న చప్పుడు, కటుక్కుమని. మైకు సర్దిన చప్పుడేమో అనుకుంది.

"ఇది మీ అత్త గొంతేనా?"

ఎదుటి కుర్చీలో ఉన్నది ఫెయిత్, డోరా మేనకోడలు. నేరేడ్‌మెట్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పే మనిషి, అవునో కాదో తేల్చి చెప్పడం అలవాటైన మనిషి. ఇప్పుడు మాత్రం చేతిరుమాలు మెలిపెడుతూ కూర్చుంది.

"అత్తదే అనిపిస్తుంది మేడం. నాకు భయం వేస్తున్నది అందుకే. నలభై ఏళ్లు రైల్వే బడిలో పాఠం చెప్పిన గొంతు అచ్చంగా అలాగే ఉంటుంది. కానీ మా అత్త ఈ మాటలు చచ్చినా అనదు."

తనేమన్నదో తనకే తెలిసి ఫెయిత్ పెదవి కొరుక్కుంది. డోరా టీచర్ సోమవారమే పోయింది. మంగళవారం సాయంత్రం సమాధి చేశారు. ఇవాళ గురువారం, టైము పదకొండూ పది.

చిలకలగూడలో టైలరింగ్ షాపు మీద ఒక గది, ఒక బోర్డు, తిరిగినప్పుడల్లా మూలిగే ఒక ఫ్యాను. కల్పలత డిటెక్టివ్ ఏజెన్సీ అంటే అంతే. పెళ్లికొడుకు తాగుతాడా, పెళ్లికూతురికి పాత స్నేహాలున్నాయా, ఇవే ఆమెకు వచ్చే కేసులు. పోలీసుశాఖలో పదకొండేళ్లు స్టేషన్ రైటర్‌గా చేసి, తాను చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని బయటికొచ్చిన మనిషికి అంతకంటే పెద్ద కేసు ఎవరిస్తారు! అలాంటి గదికి ఒక చావు సంగతి పట్టుకుని మనిషి రావడం ఇదే మొదలు.

"ఈ ప్రాజెక్టు కథ మొదట్నుంచి చెప్పండి. నాకేం తెల్వదనుకొని చెప్పండి."

ఫెయిత్ చెప్పింది. రైల్వే స్టేషన్ వెనక లాంతర్ల గల్లీలో నలభై ఆరు ఇళ్లున్నాయి. అవన్నీ తీసేసి పెద్ద కాంప్లెక్సు కడతారు. దానికి ముందు నాలుగు విడతల ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు ఒప్పుకుంటే మిగతావాళ్లు కూడా ఖాళీ చెయ్యాల్సిందే. ఇరవై ఏడు ఇళ్లవాళ్లు ఎప్పుడో కాగితాలు రాసిచ్చి వెళ్లిపోయారు. అక్కడితో బండి ఆగింది. తర్వాత మూడు సోమవారాలు మూడు హియరింగులు జరిగాయి. ఒక్కోదాంట్లో ఒక్కో ముసలావిడ లేచి మైకులో సరేనన్నది. మూడో ఆవిడ డోరా.

"అంటే ముప్పై. ఇంకొక్కటి కావాలె."

"ఇవాళ మూడు గంటలకు ఆఖరి హియరింగు మేడం."

"మనిషి పోయినంక ఆ సమ్మతి చెల్లుతదా?"

"చెల్లుతుంది. బతికుండగా మైకులో చెప్పిన మాట వారసుల్ని కూడా కట్టేస్తుందట. చెప్పకుండా పోతే మాత్రం వారసుల్ని వెతికి ఒప్పించాలి, దానికి నెలలు పడుతుంది." ఫెయిత్ కళ్లెత్తింది. "నాకు ఇల్లు ముఖ్యం కాదు మేడం. అత్త సమాధి దగ్గరికి ఎంతమంది వచ్చారో తెలుసా? పాస్టరుగారితో కలిపి ఏడుగురు. గల్లీ అంతా తలుపులేసుకుంది. మమ్మల్ని నమ్మించి గొంతు కోసింది టీచరమ్మ అన్నారు. నలభై ఏళ్లలో వాళ్ల పిల్లలందరికీ అక్షరాలు నేర్పిన మనిషి ఆమె. ఆ మచ్చ ఒక్కటి తుడిచిపెట్టండి చాలు."

కల్పలత చెప్పుల్లో కాళ్లు దూర్చింది. "పదండి. ఇల్లు చూద్దాం."

*

పద్దెనిమిదో నంబరు ఇంటికి పొయ్యేసరికి పన్నెండు కావస్తున్నది. పక్కిల్లు పంతొమ్మిది. ఆ ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ నిన్నటి ఇడ్లీ గిన్నెలు తోముతున్నది. పేరు దేవమ్మ. పొద్దున స్టేషన్ రోడ్డు మీద ఇడ్లీలమ్ముతుంది, ఇంట్లో ఒక్కతే ఉంటుంది. సోమవారం శవాన్ని మొదట చూసింది ఈమేనట.

ఫెయిత్‌ను చూడగానే దేవమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని లేచింది. "రా బిడ్డా, కూసో. చాయ్ పెడ్దమంటే గ్యాసు ముట్టియ్య ఇయ్యాల. గురువారం నాకు ఒక్కపొద్దు. బండి బంద్, ఇంట్ల పొయ్యే ఎలగది."

"చాయ్ వద్దు గని అక్కా, సోమవారం సంగతి జెర చెప్పు. టీచర్‌ను ప్రాణంతోని ఆఖరుసారి చూసిందెప్పుడు?"

"పొద్దున ఏడుంబావు. రెండిడ్లీలు ఇచ్చొచ్చిన. మూడు కాయితాలు రాసిపెట్టుకున్నది. దేవమ్మా, మీరు హాలు గేటుకాడ ధర్నా చెయ్యండి, నేను లోపటికి పోయి ఇది సదివి, వాళ్ల మొఖాలు చూసొస్త అన్నది."

"తర్వాత?"

"నేను బండికాడికి పోయిన. పదిన్నరకెళ్లి గేటుకాడ ధర్నాల కూసున్న. పదకొండూ నలభైకి మైకుల ఇన్నం." దేవమ్మ మొహం ముడుచుకుపోయింది. "గల్లీ గల్లీ అంత ఇన్నది. సంతోషంగ ఒప్పుకుంటున్న అంటున్నది."

"ఆమె లోపటికి పొయ్యేది ఎవరన్న చూసిండ్రా?"

"ఎవ్వరు చూడలే. మా మొఖం చూడ మొఖం చెల్లక ఎనక గేటు నుంచి పోయింది కావచ్చు అనుకున్నం."

"లోపట గల్లీవాళ్లు ఎవరున్నరు?"

"మేమెవ్వరం పోలేదమ్మా, బైకాట్ కద. సార్లు, కంపెనీవాళ్లు, బస్సులల్ల తెచ్చి కూసోబెట్టినోళ్లు, గంతే."

అంటే డోరా మొహం తెలిసిన మనిషి ఆ హాల్లో ఒక్కరు కూడా లేరు. కల్పలత దీన్ని మనసులో రాసుకుంది. రైటర్ ఉద్యోగం పోయినా రాసుకునే అలవాటు పోలేదు.

"నువ్వు ఇంటికొచ్చిందెప్పుడు?"

"ఒంటిగంట. టీచర్ తలుపు దగ్గరికేసి ఉన్నది. లోపటినుంచి కుక్కర్ ఇజిల్ ఇన్న. మూడు ఇజిళ్లు. మంచిగనే వండుకుంటున్నవు తల్లీ, మమ్ముల ముంచి అని తిట్టుకున్న." దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కోపంతోని తలుపు కొట్టలే బిడ్డా. నాలుగున్నరకు మనసొప్పక చాయ్ పట్టుకపోయిన. మంచం మీద దుప్పటి కప్పుకొని పండుకున్నది. లేపుదమని చెయ్యి పట్టుకున్న."

"చెయ్యి ఎట్లున్నది?"

"ఇనుపకడ్డి లెక్క. వంగలే."

డాక్టరు రాసిన కాగితం ఫెయిత్ ఇందాకే చూపించింది. తిని పడుకుంది, మూడు గంటల ప్రాంతంలో గుండె ఆగింది అని ఉంది. మూడింటికి పోయిన మనిషి నాలుగున్నరకు ఇనుపకడ్డీలా బిగుసుకోదు. దానికి పూట పడుతుంది. స్టేషన్‌లో పదకొండేళ్లు పంచనామాలు రాసిన చేతికి ఆ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

"డాక్టర్‌ను తెచ్చిందెవరు?"

"మేం ఏడ్చుకుంట ఉండంగనే కంపెనీవాళ్లే తోల్కొచ్చిండ్రు. ఆయన మొఖం చూసిండు, రాసిచ్చిండు, పోయిండు." దేవమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంకో మాట చెప్త, నవ్వద్దు. ఫస్టు సరేనన్నది మూలింటి సీతామహాలక్ష్మి, ఆ పొద్దే పాయె. రెండోది కాంతమణి, ఆ పొద్దే బాత్రూంల జారిపడి పాయె. మూడోది టీచర్. ఆ మైకుల సరేనన్న ఆడది పొద్దు గూకెదాక బతుకుతలేదు. గల్లీ అంత ఇదే మాట. మైకు చూస్తేనే నాకు చెమటలు పడ్తున్నయి. నేనైతే ఆ హాలు దిక్కు సుత చూడ."

కల్పలత నవ్వలేదు. ముగ్గురు ఒంటరి ముసలివాళ్లు, మూడు హియరింగులు, మూడు చావులు. ఎవరూ అనుమానపడలేదు. ఒప్పుకున్న మనిషిని ఎవరైనా ఎందుకు చంపుతారు అనుకున్నారు.

*

వంటగదికి సోమవారం రాత్రే తాళం వేశానంది ఫెయిత్. చావు జరిగిన ఇంట్లో సమాధి అయ్యేదాకా పొయ్యి వెలిగించరు గనక అన్నం, చాయ్ అన్నీ దేవమ్మ ఇంటినుంచి, సంఘంవాళ్ల ఇళ్లనుంచి వచ్చాయి. ఆ తాళం తీయడం ఇదే మొదటిసారి.

లోపల పులిసిన వాసన. గ్యాసు మీద కుక్కర్, అందులో సగం అన్నం. పక్కన పప్పు గిన్నె. తొట్టిలో తిన్న కంచం, ఒక గ్లాసు. ఎవరు చూసినా ఒకటే చెబుతారు. ముసలావిడ హాలునుంచి వచ్చింది, వండుకుంది, తిన్నది, నడుం వాల్చింది. అంతా మరీ పొందికగా ఉంది.

"మీ అత్త రాసుకున్న ఆ మూడు కాగితాలు ఎక్కడ పెడ్తదో తెలుసా?"

"బైబిల్లో. చూశాను, లేవు."

కిటికీ గట్టు మీద ఏదో గోధుమరంగు ముక్క. కల్పలత వంగి చూసింది. సగం కొరికిన వక్క. పంటి గాట్లు స్పష్టంగా ఉన్నాయి.

"మీ అత్తకు ఈ అలవాటున్నదా?"

"మా ఇంట్లో వక్కపొడి కూడా రానివ్వదు మేడం. బడిపిల్లలు నమిలితే బెత్తం తీసేది."

వాకిట్లోంచి దేవమ్మ అందుకుంది. "నన్ను చూడకుండ్రి, వక్క కొరకనీకి నాకు పండ్లేడున్నయి!"

కల్పలత ముక్కను కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది. వెనక్కి తిరిగేసరికి ఫెయిత్ అలమర ముందు శిలలా నిలబడి ఉంది. కింది అరలో బియ్యం డబ్బా, దాని పక్కన బోర్లించిన చిన్న ఇత్తడి గిన్నె. ఫెయిత్ దాన్ని ఎత్తింది. గిన్నె కింద నీటిచార ఎండిపోయి గుండ్రటి మచ్చ కట్టింది. లోపల ఏమీ లేదు.

"ఏమైంది?"

"ఇది పిడికిలి బియ్యం గిన్నె." ఫెయిత్ గిన్నెను కల్పలతకు చూపించింది. "మా ఆడవాళ్లు ఎసట్లో బియ్యం వేసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేర ఇందులో వేస్తారు. ఆదివారం గుడికి తీసుకెళ్లి స్త్రీల సమాజంలో ఇస్తారు. అత్తకి జ్వరమొచ్చినా, ఇంట్లో బియ్యం అడుగంటినా ఈ పిడికెడు తప్పదు. మా అమ్మ చనిపోయిన వారం కూడా తప్పలేదు."

"ఆదివారం గిన్నె ఖాళీ చేసిందా?"

"నా కళ్లముందే. గుడిలో ఇచ్చింది, ఇంటికి తెచ్చి కడిగి ఇలా బోర్లించింది. ఆ తర్వాత నాతో నేరేడ్‌మెట్ వచ్చింది. ఆదివారం భోజనం ఎప్పుడూ మా ఇంట్లోనే. రాత్రి మళ్లీ ఇక్కడ దింపాను. రాత్రిళ్లు అన్నం తినదు, రెండు పుల్కాలు నేనే కట్టిచ్చాను."

"మరి సోమవారం మధ్యాహ్నం ఆమె వండి ఉంటే?"

"గిన్నె వెల్లకిలా ఉండాలి. ఒక పిడికెడు బియ్యం ఉండాలి."

ఇద్దరూ కుక్కర్ వైపు చూశారు. పక్కగది గుమ్మంలోంచి మంచం కనిపిస్తున్నది. కల్పలతకు ఆ మధ్యాహ్నం కళ్లకు కట్టింది. మంచం మీద పొద్దుటినుంచి బిగుసుకుపోయిన మనిషి. ఇక్కడ, పది అడుగుల దూరంలో ఎవరో తీరిగ్గా వక్క కొరుక్కుంటూ పప్పు తాళింపు పెట్టారు, మూడు విజిళ్లదాకా కాచుక్కూర్చున్నారు. ఆ తర్వాత కంచం పెట్టుకుని తిన్నారు. తిన్న కంచం తొట్టిలో వెయ్యాలి కదా మరి! ఇల్లంతా డోరాలాగే నడిపారు. ఒక్క గిన్నె దగ్గర తప్పారు.

"మీ అత్త ఒప్పుకున్నంక చనిపోలేదు ఫెయిత్ గారు," అంది కల్పలత మెల్లగా. "చనిపోయింది గనకనే ఒప్పుకున్నది."

ఫెయిత్ గిన్నెను గుండెకు హత్తుకుని అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు ఇప్పుడు వచ్చింది. మూడు రోజులుగా రానిది. కల్పలతకు ఓదార్చడం చేతకాదు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

*

"తలుపులు తీసే ఉంచారే. మంచిది, నా పని సుళువైంది."

గుమ్మంలో రోనాల్డ్. ఆరడుగుల మనిషి, చలవచేసిన చొక్కా, చేతిలో కొత్త తాళం. ఇప్పుడు ప్రాజెక్టు కంపెనీ సెక్యూరిటీకి పెద్ద. ఒకప్పుడు కల్పలత పనిచేసిన స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్. ఒక కేసు ఫైలు మాయమైతే ఆ నేరం రైటర్ మీదికి తోసిన పెద్దమనిషి. పన్నెండూ యాభై అయింది.

"ఇంటికి సీల్ వెయ్యాలి. సమ్మతి రికార్డయింది. నువ్విక్కడ ఏం చేస్తున్నావ్ కల్పా?"

"ఇంటి మనిషి పిలిచింది సార్, వచ్చిన. మీరెందుకు వచ్చిండ్రు? సమ్మతి ఇచ్చింది ప్రాజెక్టుకు. సీల్ వెయ్యమని ఆర్డర్ ఏదీ?"

"సాయంత్రానికి వస్తుంది."

"అయితే సాయంత్రం రండి."

రోనాల్డ్ నవ్వాడు. "ఇంకా అదే నోరు. చూడు, ముసలావిడ పన్నెండున్నరకి ఇంటికొచ్చింది, పప్పన్నం వండుకుంది, తిన్నది, పడుకుంది, పోయింది. డాక్టర్ సర్టిఫికెట్ ఉంది. ఇందులో డిటెక్టివ్‌కి ఏం పని?"

"పప్పన్నమని డాక్టర్ రాయలేదు సార్."

నవ్వు ఆగిపోయింది, ఒక్క లిప్తపాటు. "ఆ రోజు నేనూ ఇక్కడికి వచ్చాను. చూశాను."

"చూసిండ్రా? వంటింట్ల ఈ గిన్నె సుత చూసిండ్రా?"

కల్పలత గిన్నె సంగతి చెప్పింది. రోనాల్డ్ మొత్తం విన్నాడు. అతనూ గుడికి వెళ్లేవాడే, వాళ్లమ్మా పిడికెడు తీసే ఉంటుంది. గిన్నె మీద ఒకసారి చూపు నిలిపి తిప్పేసుకున్నాడు.

"ఒక ఖాళీ గిన్నె. కోర్టులో చెప్పు, జడ్జిగారు భోజనం మానేసి మరీ నవ్వుతారు. శవం సమాధిలో ఉంది, సమ్మతి రికార్డులో ఉంది. స్టేషన్‌లో ఉన్నప్పుడూ నువ్వింతే. అక్కర్లేనివన్నీ రాసుకునేదానివి."

"అందుకనే గద సార్ ఫైలు మాయం చెయ్యాల్సొచ్చింది మీకు."

అతని మెడ మీద నరం ఉబ్బింది. ఒక అడుగు ముందుకు వేశాడు. ఫెయిత్ లేచి కల్పలత పక్కన నిలబడింది. ముగ్గురి మధ్యా ఆ ఇత్తడి గిన్నె.

"ఇవాళ మూడు దాటనీ," అన్నాడు రోనాల్డ్ పళ్ల మధ్య నుంచి. "ముప్పై ఒకటోది కూడా రికార్డవుతుంది. ఆ తర్వాత ఈ గల్లీ లేదు, ఈ గిన్నె లేదు, నీ కేసూ లేదు."

"ముప్పై ఒకటోది ఎవరిది సార్? గల్లీల మిగిలినోళ్లంత ఒప్పుకునేది లేదని ధర్నా చేసినోళ్లే."

"ఎవరో ఒకరిది," అని గిర్రున తిరిగాడు. వాకిట్లోకి వెళ్లి, పక్కింటి అరుగు వైపు చూసి, మారిపోయిన మెత్తటి గొంతుతో పలకరించాడు. "ఏం దేవమ్మా, బాగున్నావా? ఇంట్లో ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే సారూ. ఇంకెవరున్నరు నాకు."

రోనాల్డ్ తలూపి వెళ్లిపోయాడు. పెద్దమనిషి మర్యాద నటిస్తున్నాడు అనుకుంది కల్పలత. ఆ ఒక్క మాటను మాత్రం ఆమె మనసులో రాసుకోలేదు.

*

ఆ మూడు కాగితాల కోసం ఇల్లంతా వెతికి, తాళం వేసి కమ్యూనిటీ హాలు చేరేసరికి రెండూ ఐదు. తలుపులు ఇంకా తీయలేదు. మెట్ల మీద భద్రయ్య కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. హియరింగుల్లో ఒక్కో పేరూ మూడేసిసార్లు పిలిచే అటెండరు. మూడుసార్లు పిలిచినా మనిషి లేవకపోతే ఆ పేరు లిస్టులో కొట్టేస్తారు. కల్పలత స్టేషన్‌లో ఉన్నప్పటినుంచి ఎరిగిన మనిషే.

"భద్రన్నా, సోమవారం డోరా పేరు పిలిచింది నువ్వే గద. లేచిన మనిషి ఎట్లున్నది?"

"ఎట్లుంటదమ్మా, ముసలామె. ఎనకసీట్ల కూసున్నది. మూతికి మాస్కు. కిరస్తానామె గద, పిలవంగనే నెత్తిమీదికెళ్లి నిండ కొంగు కప్పుకొని లేచింది."

ఫెయిత్ చప్పున తలెత్తింది. "మాట్లాడటానికా కొంగు కప్పుకుంది? మేం ప్రార్థనకే వేసుకుంటాం, మీటింగుకి కాదు. అత్త జీవితంలో బడిలో, బస్సులో, బజార్లో కొంగు వేసుకోలేదు."

"ఎవరో బయటిమనిషి, క్రిస్టియన్ ముసలామె అంటే గిట్లుంటది అనుకొని వేసిన వేషం," అంది కల్పలత. "కార్డు ఎవరు చూసిండ్రు అన్నా?"

"టేబుల్ కాడ కంపెనీవాళ్లు చూస్తరు. నేను పేరు పిలుస్త గంతే."

"అంతకుముందు లేచినోళ్లు?"

భద్రయ్య బీడీ ఆర్పాడు. "ఎవరికి చెప్పకమ్మా. ఫస్టుసారి ఇంత పెద్ద బొట్టు. రెండోసారి నల్లద్దాలు. మూడోసారి కొంగు. గని నడక... ఎడమకాలు జెర ఈడుస్తది. మూడుసార్లు గదే నడక చూసిన. ఇంటికి పోయి అన్నం తినబుద్ధి కాలే. సచ్చినోళ్లు లేచొస్తున్నరా ఏందని నా భార్యతోని సుత అనలే."

మూడు హియరింగుల వీడియోలూ కంపెనీవాళ్లే నెట్‌లో పెట్టారు. కెమెరా ఎప్పుడూ వేదిక వైపే. మాట్లాడే మనిషి కనబడదు, గొంతు మాత్రమే వినబడుతుంది. కల్పలత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటిదాన్ని తీసింది. "నా పేరు సీతామహాలక్ష్మి." సన్నటి, సాగదీసే గొంతు. రెండోది. "నా పేరు కాంతమణి." దగ్గుతో కూడిన బొంగురు గొంతు. మూడోది డోరా. మూడు వేర్వేరు గొంతులు, ఏ గొంతుకి ఆ గొంతే అచ్చంగా. ఎక్కడా పోలిక లేదు.

ఆమె మళ్లీ మొదటికి జరిపింది. ఈసారి మాటలు వినలేదు, మాటకు ముందున్నది వింది.

కటుక్.

రెండోదాంట్లో, కటుక్. మూడోదాంట్లోనూ. మైకు సర్దిన చప్పుడు కాదు అది. పంటికింద వక్క చిట్లిన చప్పుడు. ఇయర్‌ఫోన్లు తీసేసినా ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

"భద్రన్నా, ఇయ్యాల మాట్లాడేటోళ్ల లిస్టు తయారైందా?"

"రాత్రే వచ్చింది. గిప్పుడే అతికించిన, చూడు."

తలుపు మీద ఒక్క కాగితం. బంక ఇంకా ఆరలేదు. హియరింగు టైము మూడు గంటలు అని ఉంది, దాని కింద పేర్లు. సార్లు నలుగురు, కంపెనీ మనుషులు ఇద్దరు. చివర, గల్లీవాళ్లు అన్నచోట ఒకే ఒక్క పేరు.

దేవమ్మ. ఇంటి నంబరు పంతొమ్మిది.

మైకు చూస్తేనే చెమటలు పడతాయన్న మనిషి. హాలు దిక్కే చూడనన్న మనిషి. ఇంట్లో ఒక్కదానివేనా అని రోనాల్డ్ మర్యాదగా అడిగి తెలుసుకున్న మనిషి. అప్పుడు తన బుద్ధి ఏ గడ్డి మేసిందో కల్పలతకు తెలియలేదు. ఫోన్ తీసి ఫెయిత్ వైపు చాచింది.

"దేవమ్మ నంబరు. జల్దీ."

రెండూ ఇరవై. ఫోన్ మోగుతున్నది. నాలుగుసార్లు, ఐదుసార్లు. ఆరోసారికి ఎవరో ఎత్తారు.

"దేవమ్మక్కా?"

"ఆఁ... నేనే బిడ్డా. చెప్పు."

అదే గొంతు. అదే యాస, పళ్లు లేని నోట్లోంచి వచ్చే అదే గాలి. కల్పలత ప్రాణం ఒక్కసారి కుదుటపడింది. ఫెయిత్‌తో ఏం కాలేదన్నట్టు చెయ్యి కూడా ఊపబోయింది.

అప్పుడు వినబడింది. కటుక్.

ఆ చప్పుడు వెనకే, దూరంగా, ఆ ఇంటి లోపలినుంచి కుక్కర్ విజిల్ వేసింది. ఒకటి.

గురువారం. ఒక్కపొద్దు. ఆ ఇంట్లో ఇవాళ పొయ్యి వెలగదు.

కల్పలత అప్పటికే మెట్లు దిగుతున్నది. భద్రయ్యను పోలీసులకు ఫోన్ చెయ్యమని సైగ చేసింది. ఫెయిత్ వెనకే పరుగెత్తుతున్నది. ఫోన్ మాత్రం చెవి దగ్గరనుంచి తియ్యలేదు. అవతలి మనిషిని ఆ పొయ్యి దగ్గరే నిలపాలని, పక్కింటికి భోజనానికి పోతున్న మనిషిలా నవ్వుతూ అంది.

"ఏం లేదక్కా, మంచిగ ఆకలైతున్నది. కుక్కర్ దింపకు. ఐదు నిమిషాల్ల వస్తున్న, నాకు సుత ఇంత అన్నం పెట్టు."

అవతలినుంచి రెండో విజిల్ వచ్చింది.